లూప్ మధ్యలో లిస్ట్ మారితే ఏమవుతుంది? ఇటరేటర్ల లోపలి కథ

జావాలో ఒక అరేలిస్ట్ తీసుకుని అందులో మూడు పేర్లు పెట్టండి: రవి, సీత, గోపి. దాని మీద ఫర్ ఈచ్ లూప్ రాసి, పేరు సీత అయితే లిస్ట్‌లోంచి తీసెయ్ అని చెప్పండి. రన్ చేస్తే ఏ గొడవా ఉండదు, సీత పోతుంది, ప్రోగ్రామ్ హాయిగా ముగుస్తుంది. ఇప్పుడు సీత బదులు రవిని తీసెయ్ అని మార్చండి, కన్‌కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ (తిరుగుతుండగా లిస్ట్ మారిందని ప్రోగ్రామ్‌ని ఆపేసే ఎర్రర్) వచ్చి మొహాన పడుతుంది. పోనీ గోపిని తీసెయ్ అనండి, మళ్ళీ అదే ఎక్సెప్షన్. ముగ్గురిలో మధ్యలో ఉన్న సీత దగ్గర మాత్రం జావా ఎందుకు ఊరుకుంది?

ఊరుకోవడం ఒక్కటే కాదు, లూప్ లోపల ప్రతి పేరునీ ప్రింట్ చేసి చూస్తే రవి, సీత అని రెండే వస్తాయి, గోపి దాకా లూప్ వెళ్ళనే లేదు. అంటే ఎక్సెప్షన్ వచ్చిన రెండు సందర్భాల కంటే రాని ఈ సందర్భమే ప్రమాదం, ఎందుకంటే మొదటి రెండిట్లో తప్పు ఉందని తెలుస్తుంది, ఇక్కడ ఒక ఎలిమెంట్ ప్రాసెస్ అవ్వకుండా మిగిలిపోయిందని ఎవరికీ తెలియదు. అదే గోపి అన్నది ఒక శాలరీ రికార్డో ఒక ఆర్డరో అయితే నెలాఖరు లెక్క తేలనప్పుడు గానీ బయటపడదు.

దీని గుట్టు అరేలిస్ట్ లోపల ఉన్న ఇటరేటర్ క్లాస్, అంటే ఎలిమెంట్లని ఒక్కొక్కటిగా అందించేది, చూస్తే చాలా సింపుల్‌గా దొరుకుతుంది. ఫర్ ఈచ్ అనేది ప్రత్యేకమైన లూప్ ఏమీ కాదు, కంపైలర్ దాన్ని విడదీసి లిస్ట్ దగ్గర ఒక ఇటరేటర్ అడిగి తీసుకుని, హ్యాజ్‌నెక్స్ట్ అని అడగడం, అవునంటే నెక్స్ట్ అని పిలవడం, ఇంతే రాస్తుంది. ఆ ఇటరేటర్ దగ్గర కర్సర్ అని ఒక నంబర్ ఉంటుంది, తర్వాత ఇవ్వాల్సిన ఎలిమెంట్ ఏ స్థానంలో ఉందో అది. హ్యాజ్‌నెక్స్ట్ చేసే పని ఒక్కటే, కర్సర్ లిస్ట్ సైజ్‌తో సమానమా కాదా అని చూడ్డం. సీతని ఇచ్చేశాక కర్సర్ 2 దగ్గర ఉంది, సీతని తీసేశాక సైజ్ కూడా 2 అయింది, రెండూ సమానం కాబట్టి అయిపోయింది అనుకుని లూప్ ఆగిపోతుంది. రవిని తీసినప్పుడు కర్సర్ 1, సైజ్ 2, ఇంకా ఉంది అనుకుని నెక్స్ట్‌ని పిలుస్తుంది, అక్కడ చెక్ తగులుతుంది. గోపిని తీసినప్పుడు ఇంకా తమాషా, కర్సర్ 3, సైజ్ 2, సమానం కాదు కాబట్టి ఇంకా ఉందనే అనుకుంటుంది, చివరి ఎలిమెంట్ దాటిపోయాక కూడా! మళ్ళీ నెక్స్ట్, మళ్ళీ చెక్, మళ్ళీ ఎక్సెప్షన్.

ఆ చెక్ ఏంటంటే, లిస్ట్‌లో మాడ్‌కౌంట్ అని ఒక లెక్క ఉంటుంది, ఎలిమెంట్ కలిపినా తీసినా అది ఒకటి పెరుగుతుంది. ఇటరేటర్ పుట్టినప్పుడు ఆ లెక్కని రాసిపెట్టుకుంటుంది, నెక్స్ట్ అన్న ప్రతిసారీ పోల్చి చూస్తుంది, తేడా వస్తే ఎక్సెప్షన్ విసురుతుంది. కానీ ఈ పోలిక నెక్స్ట్‌లోనే ఉంది, హ్యాజ్‌నెక్స్ట్‌లో లేదు, అందుకే చివరి నుంచి రెండో ఎలిమెంట్ తీసినప్పుడు తప్పించుకుపోతుంది. రెండే ఎలిమెంట్లు ఉన్న లిస్ట్‌తో టెస్ట్ రాసి మొదటిదాన్ని తీసి చూసుకునేవాళ్ళకి టెస్ట్ పచ్చగా పాస్ అయిపోతుంది, ప్రొడక్షన్‌లో పెద్ద లిస్ట్ వచ్చినప్పుడు పగులుతుంది. జావా డాక్యుమెంటేషన్ కూడా ఈ విషయం దాచలేదు, ఈ ఎక్సెప్షన్ కచ్చితంగా వస్తుందన్న గ్యారంటీ లేదు, బగ్ పట్టుకోడానికి పనికొస్తుందంతే, దీని మీద ఆధారపడి ప్రోగ్రామ్ రాయకండి అని స్పష్టంగానే ఉంది. చదివేవాళ్ళే తక్కువ.

మొత్తం గొడవంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: లూప్ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునేది ఎవరు? క్లాసులో టీచర్ హాజరుపట్టీ మీద వేలు పెట్టి ఒక్కో పేరూ పిలుస్తుంటే, ఆ వేలే ఇటరేటర్, పట్టీ కలెక్షన్. వేలు ఉన్న చోట కాగితం ఎవరైనా మార్చేస్తే వేలికి తెలియదు కదా. ఈ వేలు ఎవరి దగ్గర ఉండాలి, కాగితం మారినప్పుడు వేలికి ఎవరు చెప్పాలి అన్నదాని మీద ఒక్కో లాంగ్వేజ్ ఒక్కో దారి పట్టింది, ఆ దారుల్ని బట్టే ఒక్కోదాంట్లో ఒక్కో రకం బగ్గులు.

మొట్టమొదటి దారి అందరికీ తెలిసిందే, ఐ అని ఒక వేరియబుల్ పెట్టుకుని సున్నా నుంచి సైజ్ దాకా పెంచుకుంటూ పోవడం. ఇక్కడ స్థానం గుర్తుపెట్టుకునేది లూప్ రాసేవాడే. అరే అయితే ఇది బ్రహ్మాండం, ఇంతకంటే ఫాస్ట్ ఇంకోటి లేదు. కానీ అరేలిస్ట్ బదులు లింక్డ్‌లిస్ట్ వచ్చిందనుకోండి, గెట్ అని పిలిచిన ప్రతిసారీ అది ఏదో ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో నోడ్ దాటుకుంటూ రావాలి. జావా లింక్డ్‌లిస్ట్ కాస్త తెలివిగా ఏ చివర దగ్గరైతే అక్కణ్ణుంచి బయల్దేరుతుంది, అయినా సగటున నాలుగో వంతు లిస్ట్ నడవాల్సిందే. లక్ష ఎలిమెంట్లు ఉంటే మొత్తం లూప్‌కి దాదాపు 250 కోట్ల గెంతులు! అదే లిస్ట్‌ని ఇటరేటర్‌తో తిరిగితే లక్ష గెంతులే. కోడ్ చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, మెథడ్‌కి పారామీటర్‌గా లిస్ట్ అనే ఇంటర్‌ఫేస్ వస్తే లోపల ఏ రకం లిస్ట్ ఉందో తెలియను కూడా తెలియదు. ఈ తేడా తెలుసుకోడానికే జావా 1.4లో ర్యాండమ్‌యాక్సెస్ అని మెథడ్లేవీ లేని ఒక ఖాళీ ఇంటర్‌ఫేస్ పెట్టారు, ఈ లిస్ట్‌లో ఇండెక్స్‌తో వెళ్ళడం చవక అని చెప్పే ముద్ర లాంటిదన్నమాట.

ఇక సెట్, మ్యాప్ అయితే ఇండెక్స్ అన్న మాటే లేదు. హ్యాష్‌మ్యాప్‌లో మూడోది ఏది అంటే జవాబు లేదు. పైగా హ్యాష్‌మ్యాప్‌ని తిరగడానికి పట్టే టైమ్ అందులో ఎన్ని ఎలిమెంట్లున్నాయి అన్నదాని మీదే కాక లోపల ఎన్ని బకెట్లు (కీలు దాచే గదులు) ఉన్నాయి అన్నదాని మీద కూడా ఉంటుంది, పది లక్షల కెపాసిటీతో మ్యాప్ తయారుచేసి అందులో పది కీలు వేస్తే, ఆ పదీ చూడ్డానికి లోపల ఖాళీ బకెట్లన్నీ తట్టుకుంటూ రావాల్సిందే. ఏ వరసలో వస్తాయన్నది ఇంకో తలనొప్పి. పైథాన్‌లో 3.7 నుంచి డిక్షనరీలో వేసిన వరసలోనే వస్తాయని గ్యారంటీ ఇచ్చారు, గో లాంగ్వేజ్‌లో మాత్రం ఎవరూ వరస మీద ఆధారపడకూడదని కావాలనే ప్రతిసారీ మార్చి మార్చి ఇస్తారు. రెండిట్లో గో వాళ్ళ పద్ధతి మొదట్లో చిరాకు తెప్పిస్తుంది గానీ, వరస మీద ఆధారపడ్డ కోడ్ మొదటి రోజే విరిగిపోతుంది కాబట్టి మేలే.

రెండో దారి, స్థానాన్ని కలెక్షన్ లోపలే పెట్టడం. పీహెచ్‌పీ అరేలకి ఇలా లోపల ఒక పాయింటర్ ఉంటుంది, కరెంట్, నెక్స్ట్, రీసెట్ అని ఫంక్షన్లు ఉంటాయి. చూడ్డానికి సులువే, కానీ ఒకే అరే మీద లూప్ లోపల ఇంకో లూప్ ఇదే పాయింటర్‌తో నడిపితే లోపలిది చివరిదాకా తోసేస్తుంది, బయటిది ఒక్క రౌండ్‌తో ఆగిపోతుంది. ఒక కలెక్షన్‌కి ఒకే స్థానం ఉంటే ఒక్కరే తిరగగలరు. 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7 నుంచి ఫర్‌ఈచ్ ఆ లోపలి పాయింటర్‌ని ముట్టుకోవడం మానేసింది.

మూడో దారి, స్థానాన్ని విడిగా ఒక ఆబ్జెక్ట్ చేసి, అడిగిన ప్రతివాడికీ కొత్తది ఇవ్వడం. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడిస్ అనే నలుగురు రాసిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో ఉన్న 23 ప్యాటర్న్‌లలో ఇటరేటర్ ఒకటి, అందులో ఫస్ట్, నెక్స్ట్, ఈజ్‌డన్, కరెంట్‌ఐటెమ్ అని నాలుగు పనులు చెప్పారు. కానీ ఐడియా అప్పటిది కాదు. 1970ల మధ్యలోనే ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ టీమ్ చేసిన సీఎల్‌యూ లాంగ్వేజ్‌లో ఇటరేటర్లు, లూప్ మధ్యలో ఒక్కో విలువనీ బయటికిచ్చే యీల్డ్ అన్న కీవర్డ్ రెండూ ఉన్నాయి. ఆవిడ ఆలోచన ఏంటంటే, కొత్త డేటా టైప్ తయారుచేసేవాడు దాని లోపలి నిర్మాణం బయటపెట్టకుండా దాని మీద లూప్ తిరిగే దారి కూడా తనే ఇవ్వగలగాలి అని. ఇప్పుడు పైథాన్‌లో, సీ షార్ప్‌లో రోజూ వాడే యీల్డ్‌కి మూలం అక్కడుంది. ఆవిడకి 2008 ట్యూరింగ్ అవార్డు వచ్చింది, అయినా మన దగ్గర ఆవిడ పేరు ఇంటర్వ్యూల్లో సాలిడ్ ప్రిన్సిపల్స్ (సాఫ్ట్‌వేర్ డిజైన్‌కి చెప్పే ఐదు సూత్రాలు)లో ఎల్ అంటే ఏంటి అన్న ప్రశ్నలో తప్ప వినపడదు, ఆ ఎల్ లిస్కోవ్‌దే.

జావా కూడా ఒక్కసారిగా ఈ రూపానికి రాలేదు. 1996లో మొదటి వెర్షన్ వచ్చినప్పుడు ఎన్యూమరేషన్ అని ఉండేది, హ్యాజ్‌మోర్‌ఎలిమెంట్స్, నెక్స్ట్‌ఎలిమెంట్ అని పొడుగు పొడుగు పేర్లు, మధ్యలో తీసేసే వీలు లేదు. 1998 చివర్లో జావా 1.2తో జాషువా బ్లాక్ చేసిన కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది, ఇటరేటర్ వచ్చింది, పేర్లు చిన్నవయ్యాయి, రిమూవ్ అనే మెథడ్ చేరింది. 2004లో జావా 5తో ఇటరబుల్, ఫర్ ఈచ్ వచ్చాయి. ఇక్కడ ఒక చిత్రం జరిగింది. ఫర్ ఈచ్‌తో రాత చాలా శుభ్రమైపోయింది గానీ, ఇటరేటర్ కనపడకుండా పోయింది కాబట్టి దాని మీద ఉన్న రిమూవ్‌ని పిలిచే దారీ పోయింది. చేతికి అందేది లిస్టే, సహజంగానే లిస్ట్ మీద రిమూవ్ పిలుస్తారు, అదేమో ఇటరేటర్‌కి చెప్పకుండా కాగితం మార్చేయడం. ఇటరేటర్‌ని చేత్తో పట్టుకుని రాసిన రోజుల్లో ఈ తప్పు ఇంత తేలిగ్గా జరిగేది కాదు.

ఇటరేటర్ సొంత రిమూవ్ ఏం చేస్తుందంటే, ఎలిమెంట్ తీసి, కర్సర్‌ని వెనక్కి జరిపి, మాడ్‌కౌంట్‌ని మళ్ళీ రాసుకుంటుంది, అందుకే గొడవ రాదు. కానీ అరేలిస్ట్‌లో ఒక్కోటి తీసిన ప్రతిసారీ దాని తర్వాతవన్నీ ఒక గడి ముందుకి జరగాలి, లక్షలో సగం తీసేయాలంటే ఆ జరపడమే తడిసి మోపెడవుతుంది. జావా 8లో వచ్చిన రిమూవ్‌ఇఫ్ అయితే ఏవి ఉండాలో ఏవి పోవాలో ముందు తేల్చుకుని ఒక్క దఫాలో సర్దేస్తుంది. కాబట్టి ఈ రోజున షరతు పెట్టి తీసేయాలంటే లూప్ రాయడమే అనవసరం, రిమూవ్‌ఇఫ్ వాడితే సరిపోతుంది. ఇండెక్స్‌తో వెనక నుంచి ముందుకి రావడం అన్న పాత చిట్కా కూడా పనిచేస్తుంది, కానీ ఇంటీజర్ల లిస్ట్ అయితే రిమూవ్‌లో 5 అని ఇస్తే విలువ 5ని కాక ఐదో ఇండెక్స్‌ని తీసేస్తుందని మర్చిపోకూడదు, ఇదొక పాత గోతి.

ఇదే తప్పు పైథాన్‌లో చేస్తే ఏమవుతుందో చూద్దాం. 2, 4, 6, 8 ఉన్న లిస్ట్ మీద ఫర్ లూప్ వేసి సరిసంఖ్య అయితే తీసెయ్ అంటే, ఎక్సెప్షన్ ఏమీ రాదు, చివర్లో 4, 8 మిగిలి కూర్చుంటాయి. మొదటి స్థానంలో 2 తీసేయగానే 4 ఆ స్థానంలోకి వచ్చింది, లూప్ మాత్రం రెండో స్థానానికి వెళ్ళింది, అక్కడ 6 ఉంది, ఇలా ఒకటి విడిచి ఒకటి. లిస్ట్‌ల విషయంలో పైథాన్ అసలు చెక్ పెట్టలేదు. డిక్షనరీకి పెట్టింది, తిరుగుతుండగా సైజ్ మారితే రన్‌టైమ్ ఎర్రర్ ఇస్తుంది, కానీ ఆ చెక్ చూసేది సైజ్‌నే కాబట్టి ఒకటి తీసి ఇంకోటి కలిపితే సైజ్ అంతే ఉంటుంది, ఆ చెక్‌కి దొరకదు. సీ ప్లస్ ప్లస్‌లో అయితే ఈ మాత్రం మొహమాటం కూడా లేదు. వెక్టర్ మీద తిరుగుతూ పుష్‌బ్యాక్ చేస్తే, లోపల చోటు చాలక కొత్త మెమరీకి మారిపోయినప్పుడు పాత ఇటరేటర్లన్నీ చెల్లకుండా పోతాయి, ఆ తర్వాత ఏం జరిగినా లాంగ్వేజ్‌కి సంబంధం లేదు, ఒకసారి క్రాష్, ఒకసారి చెత్త విలువలు, ఒకసారి చక్కగా నడిచిపోవడం. మూడోదే అన్నిటికంటే పాడు. సీ షార్ప్ లిస్ట్ జావా లాగానే వెర్షన్ లెక్క పెట్టుకుని ఇన్‌వాలిడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ ఇస్తుంది, అయితే 2019లో డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి డిక్షనరీ మీద తిరుగుతూ కీ తీసేయడాన్ని ఒప్పుకున్నారు, తీసేయడం వల్ల లోపలి అమరిక చెదరదు కాబట్టి, కలపడానికి మాత్రం ఒప్పుకోలేదు.

రస్ట్ వాళ్ళు దీన్ని వేరే కోణంలో కొట్టారు. లూప్ వెక్టర్‌ని అరువు తీసుకున్నంతసేపూ దాన్ని మార్చే హక్కు ఇంకెవరికీ ఉండదు, మారుస్తూ రాస్తే కోడ్ కంపైలే అవ్వదు. జావా రన్ అయ్యాక, అది కూడా అదృష్టం ఉంటే, పట్టుకునే తప్పుని రస్ట్ ముందే ఆపేస్తుంది. దీనికి కట్టే మూల్యం కంపైలర్‌తో రోజూ కుస్తీ పట్టడం, రస్ట్ మొదలెట్టినవాళ్ళని అడిగితే చెప్తారు.

అమీర్‌పేట కోచింగ్ నోట్సుల్లో ఇప్పటికీ ఉండే ఇంటర్వ్యూ ప్రశ్న ఒకటుంది, ఫెయిల్ ఫాస్ట్‌కి (మార్పు కనపడగానే ఎక్సెప్షన్ ఇచ్చేది) ఫెయిల్ సేఫ్‌కి (ఇవ్వకుండా తిరుగుతూ పోయేది) తేడా ఏంటని. బట్టీపట్టిన జవాబు, అరేలిస్ట్ ఎక్సెప్షన్ ఇస్తుంది, కన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్, కాపీ ఆన్ రైట్ అరేలిస్ట్ ఇవ్వవు కాబట్టి అవి సేఫ్. సగమే నిజం. ఆ రెండూ ఒకే రకంగా పనిచేయవు. కాపీ ఆన్ రైట్ లిస్ట్‌లో ఎవరైనా మార్పు చేస్తే మొత్తం అరేనే కాపీ అవుతుంది, తిరుగుతున్న ఇటరేటర్ పాత కాపీనే పట్టుకుని ఉంటుంది, అంటే అది చూసేది తను మొదలైనప్పటి ఫొటో, ఆ తర్వాత జరిగినవేవీ దానికి కనపడవు. కన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్ కాపీ చేయదు, తిరుగుతుండగా కలిపినవి కనపడొచ్చు, కనపడకపోవచ్చు, రెండూ రూల్స్ ప్రకారం సరైనవే. ఎక్సెప్షన్ రాదు నిజమే, కానీ లెక్క సరిగ్గా ఉండాల్సిన చోట, ఉదాహరణకి అకౌంట్లన్నీ తిరిగి బ్యాలెన్స్ కూడేటప్పుడు, ఈ ఊగిసలాటని సేఫ్ అనుకోవడం ఎలా? పైగా కాపీ ఆన్ రైట్‌ని తరచూ మారే లిస్ట్‌కి వాడితే ప్రతి యాడ్‌కీ మొత్తం కాపీ, సర్వర్ ఎందుకు నత్తనడక నడుస్తుందో అర్థం కాక తల పట్టుకుంటారు. లిజనర్ల (ఏదైనా జరిగితే కబురు అందుకునే ఆబ్జెక్ట్‌ల) లిస్ట్ లాగా ఎక్కువసార్లు చదివి ఎప్పుడో ఒకసారి మార్చేవాటికే అది సరిపోతుంది.

ఇంతవరకూ చెప్పుకున్న దారుల్లో లూప్ పగ్గాలు మన చేతిలో ఉన్నాయి. నాలుగో దారిలో పగ్గాలు కలెక్షన్‌కే ఇచ్చేస్తాం. 1970ల్లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్ (PARC)లో పుట్టిన స్మాల్‌టాక్ లాంగ్వేజ్ ఈ దారిలోనే వెళ్ళింది, కలెక్షన్‌కి డూ అనే మెసేజ్‌తో పాటు ఒక బ్లాక్ పంపితే అదే ప్రతి ఎలిమెంట్ మీదా ఆ బ్లాక్ నడుపుతుంది, సెలెక్ట్, కలెక్ట్ అని వడపోతకి, మార్పుకి వేరే మెసేజ్‌లు. రూబీలో ఈచ్ అచ్చంగా దాని వారసుడే. జావాకి ఈ పద్ధతి రావడానికి 2014 దాకా ఆగాల్సొచ్చింది, లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) వచ్చాకే ఫర్‌ఈచ్ మెథడ్, స్ట్రీమ్స్ వచ్చాయి. ఇక్కడ స్థానం గుర్తుపెట్టుకోవడం అన్న పనే మనకి లేదు, కాబట్టి కలెక్షన్ తనకి నచ్చినట్టు తిరగొచ్చు, ముక్కలు చేసి నాలుగు కోర్ల మీద ఒకేసారి తిరగొచ్చు. హ్యాజ్‌నెక్స్ట్, నెక్స్ట్ పద్ధతి పుట్టుకతోనే ఒకదాని తర్వాత ఒకటి, దాన్ని పంచలేరు. అందుకే స్ట్రీమ్స్ కోసం స్ప్లిటరేటర్ అని కొత్తది పెట్టారు, దానికి ముందుకెళ్ళడంతో పాటు తనని తాను రెండు ముక్కలు చేసుకోవడం కూడా వచ్చు.

పగ్గాలు ఇచ్చేస్తే పోయేవి కూడా ఉన్నాయి. జావా ఫర్‌ఈచ్ మెథడ్‌లో మధ్యలో బ్రేక్ అని ఆపలేం, రిటర్న్ రాస్తే ఆ ఒక్క ఎలిమెంట్‌కే ఆగుతుంది, అంటే కంటిన్యూలా పనిచేస్తుంది, మామూలు లూప్‌ని లాంబ్డాగా మార్చేటప్పుడు ఇది చాలామందిని ముంచుతుంది. చెక్డ్ ఎక్సెప్షన్ (పట్టుకోకపోతేనో ప్రకటించకపోతేనో కంపైలర్ ఒప్పుకోనిది) విసిరే మెథడ్ లోపల పిలవాలంటే ట్రై క్యాచ్‌తో కోడ్ అసహ్యంగా తయారవుతుంది. ఇంకో ముఖ్యమైన ఇబ్బంది, రెండు సార్టెడ్ లిస్ట్‌లని కలపాలంటే ఒకసారి ఇందులోంచి ఒకటి, ఒకసారి అందులోంచి ఒకటి తీసుకుంటూ పోవాలి, రెండు కలెక్షన్లకీ పగ్గాలిచ్చేస్తే ఎవరు ఎవరి కోసం ఆగుతారు? ఇక్కడ ఇటరేటర్లే కావాలి. ఈ రెండు లోకాలకీ మధ్య వంతెన లాంటిది యీల్డ్, రాసేవాడు మామూలు లూప్ రాసుకుంటాడు, వాడేవాడికి అది ఇటరేటర్‌లా కనపడుతుంది, మధ్యలో ఆపి మళ్ళీ అక్కణ్ణుంచే మొదలెట్టే పని కంపైలరో ఇంటర్‌ప్రెటరో చూసుకుంటుంది. పైథాన్‌లో 2001లో వచ్చిన 2.2తో, సీ షార్ప్‌లో 2005లో 2.0తో ఇది అందరి చేతికీ వచ్చింది. జావాలో మాత్రం ఇప్పటికీ లేదు. చెట్టు లాంటి స్ట్రక్చర్‌కి జావాలో ఇటరేటర్ రాయాలంటే స్టాక్ ఒకటి చేత్తో మోయాల్సిందే, పైథాన్‌లో నాలుగు లైన్ల పని.

యీల్డ్‌తో ఇంకో రకం బగ్ వచ్చిందని కూడా చెప్పుకోవాలి. యీల్డ్‌తో రాసిన ఫంక్షన్ ఇచ్చే ఇటరేటర్‌ని పైథాన్‌లో జనరేటర్ అంటారు, అది ఒకసారి తిరిగితే ఖాళీ, దాని మీద ముందు మొత్తం కూడి, తర్వాత మళ్ళీ లూప్ వేస్తే రెండో లూప్ ఒక్కసారి కూడా తిరగదు, ఎర్రరూ రాదు. జావా స్ట్రీమ్‌ని రెండోసారి వాడితే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది, ఈ విషయంలో జావానే నయం. సీ షార్ప్‌లో దీనికి అద్దం తిప్పినట్టు ఉంటుంది, లింక్ (LINQ) అనే క్వెరీ సదుపాయంతో డేటాబేస్ మీద రాసిన క్వెరీని ఐఎన్యూమరబుల్‌గా పట్టుకుని రెండుసార్లు తిరిగితే ఖాళీ కాదు, రెండుసార్లూ డేటాబేస్‌కి వెళ్ళి వస్తుంది, మధ్యలో డేటా మారితే రెండుసార్లూ వేర్వేరు జవాబులు. చూడ్డానికి లిస్ట్ లాగే ఉంటుంది, కానీ లిస్ట్ కాదు, ఎప్పుడు అడిగితే అప్పుడు వండి వడ్డించేది.

చివరిగా ఒక సంగతి, ఇది తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా తగులుతుంది. ఇంతసేపూ స్థానం ఎక్కడుంది అని చూశాం గానీ, ఒక్కో అడుగులో చేతికొచ్చేది ఏంటి అన్నది తేలిపోయిన విషయమే అనుకున్నాం. స్ట్రింగ్ కూడా కలెక్షనే, దాని మీద లూప్ వేస్తే ఒక్కో అక్షరం వస్తుందని ఫస్ట్ ఇయర్‌లో చెప్తారు. స్త్రీ అన్న మాట మీద లూప్ వేసి చూడండి. కంటికి ఒకే అక్షరం. యూటీఎఫ్ 8 (అక్షరాలని కంప్యూటర్లో దాచే ఒక పద్ధతి) బైట్ల మీద తిరిగితే 18 వస్తాయి. పైథాన్‌లో మామూలు ఫర్ లూప్‌కి 6 వస్తాయి, స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు, అన్నీ విడివిడిగా. యూనికోడ్ చెప్పే గ్రాఫీమ్ క్లస్టర్ల (చదివేవాళ్ళు ఒకే అక్షరంగా చూసే గుంపుల) ప్రకారం పాత రూల్స్‌లో 3, ఎందుకంటే పొల్లు దగ్గర తెగ్గొట్టేవాళ్ళు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలని విడగొట్టకూడదని రూల్ చేర్చారు, ఆ రూల్ అమలైన లైబ్రరీలో 1. ఒకే మాట, నాలుగు జవాబులు, ఎవరూ అబద్ధం చెప్పట్లేదు.

కాలేజీ ల్యాబ్‌లో పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ రాయనివాళ్ళు ఉండరు, స్ట్రింగ్‌ని తిరగేసి మొదటిదానితో పోల్చడమే. దానికి మన తెనాలి రామకృష్ణుడి బిరుదు వికటకవి ఇచ్చి చూడండి. ఎటు నుంచి చదివినా ఒకటే అని చిన్నప్పుడే చెప్పిన మాట, ప్రోగ్రామ్ మాత్రం కాదంటుంది. కోడ్ పాయింట్ల (యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్ల) లెక్కన అవి ఏడు, వ, గుడి, క, ట, క, వ, గుడి. తిరగేస్తే గుడితో మొదలవుతుంది, దానికి ముందు అక్షరమే లేదు, ఇంకెక్కడి పోలిక. లూప్‌లో తప్పు లేదు, ఇండెక్స్‌లో తప్పు లేదు, ఇటరేటర్ ఇస్తున్న ముక్కే మనం అనుకున్న ముక్క కాదు. వి, క, ట, క, వి అని ఐదుగా ఇచ్చే ఇటరేటర్ దొరికితే అదే ప్రోగ్రామ్ ఒక్క లైన్ మార్చకుండా అవునంటుంది.

స్విఫ్ట్‌లో స్ట్రింగ్ మీద మామూలుగా తిరిగితేనే అలా వస్తాయి. స్ట్రింగ్‌ని కలెక్షన్ అనాలా వద్దా అన్నది వాళ్ళకీ ఒక పట్టాన తేల్లేదు, స్విఫ్ట్ 2లో కాదన్నారు, 2017లో వచ్చిన స్విఫ్ట్ 4లో మళ్ళీ అవునన్నారు. జావాస్క్రిప్ట్‌లో దీనికి ఇంటల్ సెగ్మెంటర్ ఉంది. రూబీ మాత్రం మొహమాటం లేకుండా ఈచ్ బైట్, ఈచ్ చార్, ఈచ్ గ్రాఫీమ్ క్లస్టర్ అని మూడు వేర్వేరు మెథడ్లు పెట్టేసింది, ఏ ముక్క కావాలో రాసేవాడే చెప్పుకోవాలి. మెసేజ్‌ని ఇన్ని అక్షరాలకి కత్తిరించే ఫంక్షన్లు, సెర్చ్ బాక్సులు, పేరులో మొదటి అక్షరాన్ని గుండ్రటి బొమ్మలో చూపించే యాప్‌లు, ఇవన్నీ ఇంగ్లీష్‌తో టెస్ట్ చేసి వదిలేసినవే, శ్రీనివాస్ అన్న పేరుకి బొమ్మలో ఒట్టి శ మాత్రమే కనపడితే ఆ యాప్ ఏ ఇటరేటర్ వాడిందో కోడ్ చూడకుండానే చెప్పెయ్యొచ్చు.